ముందు బ్రేకంటే ఎందుకంత భయం?

"హైదరాబాద్ ఖాజాగూడ గుట్టల్లో సైకిల్ దిగేటప్పుడు ముందు బ్రేకు ముట్టుకోవద్దంటారు, నిజమేనా?" అని ఒక ఇంటర్ విద్యార్థి అడిగాడు. సైకిల్ నేర్పే ప్రతి బాబాయీ చెప్పే మాటే ఇది. హ్యాండిల్‌కు నిమ్మకాయ, మిరపకాయలు కట్టడం కన్నా ప్రమాదకరమైన నమ్మకం. అవి కనీసం బ్రేకుకు అడ్డం రావు.

లెక్క వేద్దాం. వాలు 20 డిగ్రీలు. చక్రాల మధ్య దూరం 120 సెం.మీ. సైకిల్‌తో కలిపి మనిషి గరిమనాభి (బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కించే బిందువు) నేలకు 110 సెం.మీ. ఎత్తున, ముందు చక్రం ఆనేచోటికి 60 సెం.మీ. వెనక ఉందనుకోండి. ఘర్షణ గుణకం, అంటే టైరు నేలను ఎంత బాగా పట్టుకుంటుందో చెప్పే అంకె, 0.6. వాలు మనల్ని మొత్తం బరువులో 34 శాతం బలంతో కిందికి లాగుతుంది. వెనక బ్రేకు ఒక్కటే ఎంత గట్టిగా పట్టినా వచ్చే నిరోధం 18 శాతమే. వెనక చక్రం బిగుసుకుపోయి ఈడ్చుకుపోతున్నా వేగం పెరుగుతూనే ఉంటుంది! ఆర్టీసీ బస్సు బ్రేకేస్తే నిలబడ్డవాళ్లంతా ముందుకు తూలినట్టు, బరువంతా ముందు చక్రం మీదికి పోతుంది. వెనక చక్రానికి నేలను పట్టుకునేంత బరువు మిగలదు.

మరి పల్టీ భయం? అదీ నిజమే. ఈ భంగిమలో నిరోధం 51 శాతం దాటితే వెనక చక్రం లేస్తుంది. నేల ఇవ్వగలిగేది 56 శాతం (వాలు మీద నేలను నొక్కేది 94 శాతం బరువే, దానికి 0.6 రెట్లు). అంటే టైరు జారకముందే మనిషి ఎగిరి పడతాడు.

ఇప్పుడు సీటు దించి, మోకాళ్లు, మోచేతులు వంచి, నడుము వెనక్కి జరపండి. 60 కాస్తా 85 అయింది, 110 కాస్తా 95 అయింది. పల్టీకి ఇప్పుడు 84 శాతం కావాలి, నేల దగ్గర ఉన్నది 56 మాత్రమే. రాయికి గుద్దుకుంటే తప్ప, బ్రేకు ఒక్కదాని వల్ల పల్టీ కొట్టడం ఇక కుదరదు. స్కూల్లో టార్క్ (తిప్పే బలం) అనగానే తలుపూ స్పానరూ గీస్తారు గానీ, ఇది గీస్తే వెనక బెంచీ కూడా వింటుంది.

1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొండ దిగే పందేలు మొదలైనప్పుడు చాలా పాత సైకిళ్లకు వెనక చక్రం ఇరుసు దగ్గరుండే హబ్ బ్రేకే దిక్కు. లోపలి గ్రీజు పొగై పోయేది. ఇప్పటి డౌన్‌హిల్ సైకిళ్లలో ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్‌ను బాగా వాల్చి, చక్రాన్ని ముందుకు జరుపుతారు. పెంచేది ఆ 60 సెం.మీ. దూరాన్నే.

అలాగని మరీ వెనక్కి పోతే ముందు టైరు తేలికై మలుపు తిరగదు. బరువు పెడళ్ల మీదే ఉండాలి. మన గ్రానైట్‌తో ఇంకో చిక్కు: ఫెల్డ్‌స్పార్ మట్టిగా మారిపోయాక క్వార్ట్జ్ గింజలు బండ మీద మొరంలా మిగులుతాయి, గుణకం 0.6 ఉండదు. అందుకే మొరం రాకముందే, బోడి బండ మీదే ఒక్క వేలితో మెల్లగా బిగించి, మొరం మీద ముందు బ్రేకు వదిలేయాలి.