ఎల్ఎంఎస్ గురించి స్టాఫ్‌రూమ్‌లో వినే అపోహలు, నేను చూసిన వాస్తవాలు

తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతాను. 2020లో లాక్‌డౌన్ పెట్టాక, ఇక తప్పదని మూడుల్ నేర్చుకున్నాను. పాఠాలు, క్విజ్‌లు, మార్కులు ఆన్‌లైన్‌లో నడిపే సాఫ్ట్‌వేర్‌ను ఎల్ఎంఎస్ (లెర్నింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్) అంటారు, మూడుల్ అందులో ఒకటి. ఇప్పుడు మా దగ్గర ఎవరి పాస్‌వర్డ్ పోయినా, ఎవరి క్విజ్ తెరుచుకోకపోయినా నన్నే పిలుస్తారు కాబట్టి టీచర్లకు ఎక్కడ భయం, ఎక్కడ చిక్కు అన్నది దగ్గరగా చూస్తున్నాను. కింద రాసిన అపోహల్లో రెండు మూడు నేనూ గట్టిగా నమ్మినవే.

అపోహ: ఇది కంప్యూటర్ సైన్స్ వాళ్ళ పని, మన వయసులో రాదు.

కోడింగ్ ఒక్క ముక్క అక్కర్లేదు. పాఠం పెట్టడం, అసైన్‌మెంట్ ఇవ్వడం, క్విజ్ తయారుచేయడం, మార్కులు చూడటం, ఈ నాలుగు వస్తే మొదటి సెమిస్టర్ గడిచిపోతుంది. వచ్చే ఏడాది రిటైరయ్యే మా తెలుగు మేడమ్ "వద్దు సార్, ఒక బటన్ తప్పు నొక్కితే అందరి మార్కులూ పోతాయేమో" అని మౌస్ ముట్టుకోవడానికే జంకారు. అసలు అడ్డం ఆ భయమే, వయసు కాదు. అందుకే పిల్లలెవరూ లేని ఒక ఖాళీ కోర్సు తెరిచి ఆమె చేతికిచ్చాను, ఇష్టమొచ్చినట్టు పెట్టండి, చెరపండి, ఎవరికీ నష్టం లేదని చెప్పి. రెండు వారాలు రోజూ లంచ్ తర్వాత అరగంట కూర్చున్నారు, అంతే. ఉత్పలమాలకు యతిస్థానం ఎన్నో అక్షరం అంటూ ఛందస్సు మీద మొదటి క్విజ్ ఆమే సొంతంగా పెట్టారు. కొత్తవాళ్ళకు నేర్పేవాళ్ళెవరైనా ముందు అలాంటి ఖాళీ కోర్సు ఇవ్వండి, ప్రొజెక్టర్ మీద రెండు గంటల ట్రైనింగ్ కంటే అది నయం.

అపోహ: తెలుగులో ప్రశ్నలు పెడితే అక్షరాలు పాడైపోతాయి.

ఇది సగం నిజం కాబట్టే ఇంతకాలం నిలిచింది. మేడమ్ దగ్గర ఏళ్ళ తరబడి డీటీపీ సెంటర్లో టైప్ చేయించిన ప్రశ్నపత్రాలున్నాయి, అన్నీ అను ఫాంట్లలో. కాపీ చేసి క్విజ్‌లో పేస్ట్ చేస్తే ఒక్క తెలుగు అక్షరం రాలేదు, ఏవేవో గుర్తులు వచ్చాయి. తప్పు ఎల్ఎంఎస్‌ది కాదు. ఆ ఫాంట్లు యూనికోడ్ (ఫోన్లు, కంప్యూటర్లు అన్నిటికీ ఒకటే ఉండే అక్షరాల పద్ధతి) కంటే వేరే పద్ధతిలో అక్షరాలను దాచుకుంటాయి, ఆ ఫాంట్ ఉన్న చోటే అవి తెలుగులా కనబడతాయి. ఫోన్లో వాట్సాప్‌కు టైప్ చేసే తెలుగు యూనికోడే, అది ఎక్కడైనా చక్కగా వస్తుంది. పాతవాటిని కన్వర్టర్‌తో మార్చుకోవచ్చు, కానీ ఒత్తులు ఒకసారి కళ్ళతో చూసుకోవాలి. ఇంకో మాట, యాభై ప్రశ్నలు ఒక్కొక్కటిగా ఎక్కించనక్కర్లేదు. ఐకెన్ ఫార్మాట్ అని ఒకటుంది, నోట్‌ప్యాడ్‌లో ప్రశ్న, కింద ఆప్షన్లు, చివర జవాబు రాసి ఒకేసారి దిగుమతి చేసుకోవచ్చు. ఆప్షన్ల ముందు ఏ, బీ అక్షరాలు, చివర ఆన్సర్ అన్న మాట మాత్రం ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. ఫైల్ సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను దాచే పద్ధతి) పెట్టకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారవచ్చు.

అపోహ: నోట్స్ పీడీఎఫ్‌లు పెట్టేస్తే ఎల్ఎంఎస్ వాడినట్టే.

నేను మొదటి ఏడాదంతా చేసింది ఇదే. పాఠానికో పీడీఎఫ్, మొత్తం కోర్సు ఒక గోడౌన్‌లా తయారైంది. ఆ పని వాట్సాప్ గ్రూపు కూడా చేస్తుంది కదా. ఎల్ఎంఎస్ చేయగలిగిందీ గ్రూపు చేయలేనిదీ ఒకటుంది, ఎవరు ఎక్కడ ఆగిపోయారో పరీక్షకు ముందే చూపించడం.

ఒక ఉదాహరణ చెబుతాను. సరళ పత్రం (ఒకే రేకు ఉన్న ఆకు), సంయుక్త పత్రం (పత్రకాలనే చిన్న రేకులుగా విడిపోయిన ఆకు) పాఠం అయ్యాక ఐదు ప్రశ్నల చిన్న క్విజ్ పెట్టాను. అందులో వేపరెమ్మ ఫొటో ఇచ్చి, బాణం గుర్తు పెట్టి, ఇది ఆకా, పత్రకమా అని అడిగాను. క్లాసులో అందరూ తలూపిన పాఠమే అది. రాత్రి క్విజ్ స్టాటిస్టిక్స్ తెరిచి చూస్తే సగం మందికి పైగా ఆకు అనే పెట్టారు. పుట్టినప్పటి నుంచి ఇంటి ముందు చూస్తున్న చెట్టు, ఉగాదికి పూత కోసే చెట్టు, విడివిడిగా కనబడే ప్రతి రేకునూ వేపాకు అనే అంటాం, మరి వాళ్ళ తప్పేముంది? తప్పు జవాబుకు ఫీడ్‌బ్యాక్ రాసే పెట్టె ఒకటుంటుంది, అంతవరకు నేను ఖాళీగా వదిలేసేవాణ్ణి. ఆ రాత్రి అందులో ఇలా రాశాను: "కాడ మొదట్లో, కొమ్మకు తగిలే చోట చిన్న మొగ్గ ఉందా చూడు. మొగ్గ ఉంటే అక్కడి నుంచి మొదలైనది ఆకు. మొగ్గ లేకపోతే అది పత్రకం." రెండోసారి రాయడానికి అవకాశం ఇచ్చాను. మర్నాడు పొద్దున ముగ్గురు పిల్లలు వేపకొమ్మలు పట్టుకుని ల్యాబ్‌కు వచ్చారు, ఒకమ్మాయి మునగ రెమ్మ కూడా తెచ్చి, "దీనికి కాడలోంచి మళ్ళీ కాడలున్నాయి సార్, మొగ్గ మాత్రం ఒక్కచోటే ఉంది" అని చూపించింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఈ పాఠం అంత బాగా ఎప్పుడూ నడవలేదు.

అపోహ: ఆన్‌లైన్ క్విజ్‌లో అందరూ కాపీ కొడతారు, కాబట్టి దండగ.

ఇంట్లో ఉండి రాసే క్విజ్‌లో పుస్తకం తెరవకుండా ఆపలేం, ఒప్పుకుంటాను. అందుకే దానికి మార్కులు తక్కువ పెట్టి, ప్రాక్టీసుకు వాడండి. క్వశ్చన్ బ్యాంక్ నుంచి ఒక్కొక్కరికి వేరే ప్రశ్నలు వచ్చేలా పెట్టొచ్చు, ఆప్షన్ల వరస కలిపేయొచ్చు. పుస్తకం చూసి రాశారా, మంచిదే, పుస్తకం తెరిచారు.

అపోహ: ఈ కాలం పిల్లలకు ఫోన్ కొట్టిన పిండి, వాళ్ళకు నేర్పనక్కర్లేదు.

రీల్స్ చూడటం వేరు, అసైన్‌మెంట్ పెట్టడం వేరు. పాకాల నుంచి వచ్చే ఒకబ్బాయికి నేను సున్నా వేశాను, "ఆదివారమే పెట్టినా సార్" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తెరిచి చూస్తే ఫైల్ ఉంది, డ్రాఫ్ట్‌లో. ఆఖరున సబ్‌మిట్ నొక్కాలని వాడికి తెలియదు, నేను చెప్పలేదు. ఆ రోజు నాకు చాలా బాధేసింది. అప్పటి నుంచి సెమిస్టర్ మొదట్లో మార్కులు లేని ఉత్తుత్తి అసైన్‌మెంట్ ఒకటి పెట్టి, క్లాసులోనే అందరి చేతా సబ్‌మిట్ చేయిస్తున్నాను. భాకరాపేట ఘాట్ దాటి వచ్చే పిల్లలకు బస్సులో సిగ్నల్ ఉండదు, వాళ్ళకు మూడుల్ యాప్‌లో పాఠం ముందే డౌన్‌లోడ్ చేసుకోవడం కూడా అదే రోజు చూపిస్తాను.

అపోహ: దీనికి కాలేజీ లక్షలు పోయాలి.

మూడుల్ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డూగియామస్ మొదలుపెట్టాడు, 2002లో మొదటి వెర్షన్ వచ్చింది, ఓపెన్ సోర్స్. సర్వర్‌కూ, చూసుకునే మనిషికీ ఖర్చవుతుంది. అదీ లేకపోతే గూగుల్ క్లాస్‌రూమ్‌తో మొదలుపెట్టండి.

అపోహ: టైమ్ సెట్ చేస్తే ఇక అదే చూసుకుంటుంది.

పొద్దున 10 గంటలకు తెరుచుకోవాల్సిన నా మొదటి ఇంటర్నల్ క్విజ్ మధ్యాహ్నం 3:30కి తెరుచుకుంది. పిల్లలంతా టెన్షన్, నాకు ఫోన్ల మీద ఫోన్లు. చివరికి చూస్తే టైమ్‌జోన్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంది, మన టైమ్ దానికంటే ఐదున్నర గంటలు ముందు. అసైన్‌మెంట్లలో డ్యూ డేట్ వేరు, కటాఫ్ డేట్ వేరు అని కూడా అప్పుడే తెలిసింది. డ్యూ డేట్ దాటినా ఆలస్యం అని గుర్తువేసి తీసుకుంటుంది, కటాఫ్ దాటితేనే తలుపు మూస్తుంది. ఇప్పుడు ఏ క్విజ్ పెట్టినా ఇంకో అకౌంట్‌తో స్టూడెంట్‌గా చేరి, నా ఫోన్లోనే ఒకసారి రాసి చూసుకుంటాను. మీరు కొత్తగా మొదలుపెడుతుంటే ముందు మీ ప్రొఫైల్‌లో టైమ్‌జోన్ తెరిచి, ఆసియా/కోల్‌కతా అని ఉందో లేదో చూసుకోండి.