ఆ రాత్రి ‘ఫైర్’ అన్నదెవరు?

చిరంజీవులు మనవరాలికీ మనవడికీ తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. మొన్న ఆదివారం ఫోనులో చిట్టితల్లి అడిగిన ప్రశ్న నన్ను వదలడం లేదు. ‘తాతయ్యా, బోస్టన్‌లో కాల్పులు జరిగిన ఆ ఒక్క రాత్రి గురించి టీచరు రెండు కాగితాలు ఇచ్చారు. రెండూ రెండు రకాలుగా ఉన్నాయి. ఏది నిజమో చెప్పెయ్, రాసేస్తాను’ అన్నావు. ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి, ఆ ఒక్క మాట చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం. పెద్దోడా, నువ్వూ చదువు. వచ్చే ఏడు నీకూ ఇదే పాఠం.

1770 మార్చి 5, అప్పటికి బ్రిటిష్ పాలనలో ఉన్న అమెరికాలోని బోస్టన్. నేలంతా మంచు. కింగ్ వీధిలో కస్టమ్స్ ఆఫీసు ముందు ఒక బ్రిటిష్ సిపాయి కాపలా ఉన్నాడు. కుర్రాళ్ళు అతనితో గొడవకు దిగారు, జనం పోగయ్యారు, మంచుగడ్డలు విసిరారు. కెప్టెన్ థామస్ ప్రెస్టన్ ఏడుగురు సిపాయిలను వెంటబెట్టుకుని వచ్చాడు. తుపాకులు పేలాయి. ముగ్గురు అక్కడే పోయారు, ఒకరు మర్నాడు, ఇంకొకరు తొమ్మిది రోజులకు. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. కాల్చమని కెప్టెన్ ఆజ్ఞ ఇచ్చాడా లేదా అన్న దగ్గరే కాగితాలు విడిపోతాయి.

మీ మొదటి కాగితం, బోస్టన్ వెండి పనివాడు పాల్ రెవియర్ చెక్కి అచ్చువేసిన బొమ్మ. దాన్ని తీరిగ్గా చూడండి. సిపాయిలు గీత గీసినట్టు వరసగా నిలబడి ఒక్కసారే కాలుస్తున్నారు. వెనక కెప్టెన్ కత్తి ఎత్తి ఉన్నాడు. జనం మంచి బట్టల్లో, ఖాళీ చేతులతో ఉన్నారు. కస్టమ్స్ ఆఫీసు మీద ‘కసాయి శాల’ అనే అర్థం వచ్చే బోర్డు ఉంది. కాళ్ళ కింద మంచు మాత్రం లేదు! పైగా అసలు బొమ్మ గీసింది హెన్రీ పెల్హామ్ అనే మరో చిత్రకారుడు. తన బొమ్మను దోచుకున్నాడని రెవియర్‌కు అతను కోపంగా రాసిన ఉత్తరం కూడా మిగిలింది.

అయితే ఆ బొమ్మ అబద్ధమని పక్కన పడేయకండి. ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పడానికి అది బలహీనమైన సాక్ష్యం. కానీ మూడు వారాల తర్వాత, బ్రిటిష్ సైన్యాన్ని వెళ్ళగొట్టాలనుకున్నవాళ్ళు జనం చేత ఏం నమ్మించాలనుకున్నారో తెలుసుకోవడానికి అంతకంటే గొప్ప సాక్ష్యం లేదు. ఏ కాగితమైనా ఒక ప్రశ్నకు తప్పు చెప్పి, ఇంకో ప్రశ్నకు నిజం చెప్పగలదు.

ఇక మీ రెండో కాగితం, ప్రెస్టన్ చెప్పుకున్నది. జైలు నుంచి రాశాడు. తుపాకుల ముందు నిలబడినవాణ్ణి, కాల్చమని నేనెలా అంటాను, నాకే తగలదా అని వాదించాడు. సబబుగానే ఉంది కదూ! కానీ అదే నెలలో అతను బోస్టన్ పత్రికలో ఊరివాళ్ళకు కృతజ్ఞతలు చెబుతూ ఒక చిన్న ఉత్తరం అచ్చువేయించాడు. లండన్‌కు పంపిన దాంట్లో మాత్రం తప్పంతా ఊరివాళ్ళదే అన్నాడు. మనిషి ఒకడే, చదివేవాళ్ళు మారారు. అందుకే కాగితం చేతికి రాగానే, ఎవరు రాశారన్న దానితో ఆగకుండా ఎవరికి రాశారని కూడా అడగండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది రిచర్డ్ పామ్స్ వాంగ్మూలం. ఊరి వర్తకుడు. కెప్టెన్‌కు ఎదురుగా, చెయ్యేస్తే అందేంత దగ్గరగా నిలబడ్డాడు. జనం మీద కాల్పించే ఉద్దేశం లేదు కదా అని అడిగాడట, లేదన్నాడట. అంతలోనే ఒక సిపాయికి మంచో, మంచుగడ్డో తగిలింది. వెనక్కి అడుగేసి కాల్చాడు. ‘ఫైర్’ అన్న మాట ఆ తర్వాత వినబడింది, అన్నదెవరో మాత్రం తెలియదు అన్నాడు. అంత దగ్గర ఉన్నవాడికే తెలియలేదు!

ఎందుకు తెలియలేదో మూలభాషలో చదివితే తడుతుంది. ఇంగ్లీషులో మంటలు లేచినా ‘ఫైర్’, తుపాకి కాల్చమన్నా ‘ఫైర్’. ఆ రాత్రి చర్చి గంటలు మోగితే ఎక్కడో ఇల్లంటుకుందనుకుని జనం బకెట్లతో పరుగెత్తుకొచ్చారు. కొందరు సిపాయిలను రెచ్చగొడుతూ ‘దమ్ముంటే కాల్చండి’ అని కేకలు వేశారు. దీన్ని నేను తెలుగు చేయాలంటే ప్రతిచోటా ‘మంటలు’ అనో ‘కాల్చండి’ అనో తేల్చాలి. తేల్చానంటే అనుమానమే పోతుంది. పిల్లలూ, అనుమానం పోతే ఆ రాత్రే పోయినట్టు.

కోర్టులో సిపాయిల తరఫున వాదించింది జాన్ ఆడమ్స్, తర్వాత అమెరికా రెండో అధ్యక్షుడైనవాడు. వేరువేరు విచారణల్లో కెప్టెన్‌ను, ఆరుగురు సిపాయిలను జ్యూరీలు వదిలేశాయి. ఇద్దరిది హత్య కాని నరహత్య అని తేల్చి, బొటనవేళ్ళ మీద వాతలు పెట్టి పంపేశారు. ఆడమ్స్ వాదనలో జనాన్ని అల్లరి కుర్రాళ్ళు, నల్లవాళ్ళు, ఐరిష్ వాళ్ళు, పరదేశి నావికుల గుంపు అని తేలిక చేసి మాట్లాడాడు. అదీ ఒక పక్షం మాటే, నాకది బాధగానే ఉంటుంది.

చరిత్రకారుల వ్యాసాలు ఇప్పుడు చదవండి, ముందు కాదు. అవి గైడ్లు కావు. జెస్సీ లెమిష్ అనే ఆయన నావికుల వైపు నుంచి చూశాడు: బలవంతంగా పట్టుకెళ్ళి యుద్ధ ఓడల్లో పని చేయించే బ్రిటిష్ నౌకాదళం మీద వాళ్ళకు కోపం ఉండదా అని అడిగాడు. సెరీనా జాబిన్ చర్చిల రిజిస్టర్లు తిరగేసింది. ఆ సిపాయిలకు భార్యాబిడ్డలున్నారు, కొందరు బోస్టన్ అమ్మాయిలనే పెళ్ళి చేసుకున్నారు, పిల్లలకు అక్కడే బాప్టిజం ఇప్పించారు. అంటే కాల్పులు జరిగింది ఇరుగుపొరుగుల మధ్య. ఇద్దరూ వేరువేరు ప్రశ్నలు అడిగారు కాబట్టి వేరువేరు కాగితాలు వెతికారు. వ్యాసం చదివేటప్పుడు ప్రతి వాక్యం వెనక ఆధారంగా ఏ కాగితం ఉందో చూసుకుంటూ పొండి.

ఇంకొక్కటి. చనిపోయినవాళ్ళలో క్రిస్పస్ ఆటక్స్ అనే నావికుడు ఉన్నాడు, ఆఫ్రికన్, అమెరికా ఆదివాసీ వంశాల కలయిక. మర్నాడు శవపంచాయితీ కాగితంలో అతని పేరు మైకేల్ జాన్సన్ అని రాశారు. కాల్పులకు మర్నాడే రాసిన సర్కారు కాగితం, అయినా మనిషి పేరు వేరు. అది మారుపేరు పెట్టుకుని బతికాడనా, ఎవరో తప్పు చెప్పారా? దీని మీద చిట్టితల్లి ఏమనుకుంటుందో వినాలనుంది.

వేసవిలో నాన్న బోస్టన్ తీసుకెళ్తానన్నాడుగా, పాత స్టేట్ హౌస్ అనే భవనం ముందు ఆ కాల్పులకు గుర్తుగా రాళ్ళు పరిచిన ఒక వలయం ఉంటుంది. పెద్దోడు ప్రెస్టన్‌లా, చిట్టితల్లి పామ్స్‌లా ఎదురెదురుగా నిలబడి చూడండి. ఈలోగా వచ్చే ఆదివారానికి పామ్స్ వాంగ్మూలం పైకి చదివి, ఏ మాట దగ్గర నీకు అనుమానం వచ్చిందో గుర్తు పెట్టుకో తల్లీ. నా అనుమానం ఏ మాట దగ్గరో నేను అప్పుడు చెబుతాను.

మీ తాతయ్య