చెరువు సంరక్షణ: వాలంటీర్లలో ఉండే అపోహలు - వాస్తవాలు

చెరువుల కోసం పనిచేసే వాలంటీర్లకు నీటి పరీక్షలు నేర్పించడం నా పని. కొత్తగా వచ్చేవాళ్లలో ఉత్సాహానికి కొదవ ఉండదు. ఆ శ్రమంతా అక్కరలేని చోట ఖర్చవుతుంటే మాత్రం మనసు చివుక్కుమంటుంది.

అపోహ: చెత్త ఏరేస్తే చెరువు బాగుపడుతుంది.

ప్లాస్టిక్ ఏరడం మంచి పనే, మానొద్దు. కానీ చెరువును ఎక్కువగా దెబ్బతీసేది కంటికి కనిపించదు. అది ఫాస్ఫరస్, నాచుకు మేత లాంటి పోషకం. ఎరువులు, మురుగు, కోతకు గురైన మట్టి, వీటన్నిటితో కలిసి వచ్చి చేరుతుంది. 1973లో కెనడాలో సరస్సుల శాస్త్రవేత్త డేవిడ్ షిండ్లర్ బృందం, ప్రయోగాలకు కేటాయించిన సరస్సుల్లో 226వ నంబరు దాన్ని మధ్యలో తెర కట్టి రెండు భాగాలు చేసింది. ఒకవైపు కార్బన్, నైట్రోజన్ కలిపారు. రెండోవైపు వాటితోపాటు ఫాస్ఫరస్ కూడా కలిపారు. ఆ రెండోవైపే నాచు పట్టి పచ్చబడిపోయింది. పైనుంచి తీసిన ఆ ఫొటో చూపిస్తే ఇక నేను వేరే చెప్పాల్సిన పని ఉండదు.

అందుకే మెరుపులు లేని వానలో, ఇద్దరు ముగ్గురు కలిసి చెరువు చుట్టూ నడవండి. ఏ కాలువలో ఎర్రటి బురద నీళ్లు వస్తున్నాయి, ఎక్కడ నురగ కడుతోంది, ఎక్కడ వాసన వస్తోంది చూసి ఫొటో తీసుకోండి, తేదీ, టైమ్ రాసుకోండి. చెరువులోకి ఏం వస్తోందో ఎండ రోజున ఎంత చెత్త ఏరినా తెలియదు.

అపోహ: మురుగు ఆపేస్తే మరుసటి ఏడాదికే నీళ్లు తేటపడతాయి.

ఏళ్ల తరబడి వచ్చిన ఫాస్ఫరస్ అడుగు బురదలో నిల్వ ఉంటుంది. లోతైన చెరువుల్లో ఎండాకాలం పైనీళ్లు వేడెక్కి తేలికవుతాయి, కింది చల్లటి నీళ్లతో కలవవు. కింద ఆక్సిజన్ అయిపోగానే, బురదలో ఇనుమును అంటిపెట్టుకుని ఉన్న ఫాస్ఫరస్ విడిపోయి మళ్లీ నీళ్లలోకి వస్తుంది. బయటి నుంచి చుక్క మురుగు రాకపోయినా నాచు పెరుగుతుంది. చాలా గ్రూపులు ఇక్కడే నిరాశపడి చేతులెత్తేస్తాయి. దయచేసి ఆగకండి. కొత్తగా వచ్చేది ఆగితేనే పాత నిల్వ తరగడం మొదలవుతుంది.

అపోహ: మందు కొడితే నాచు పోతుంది.

మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేస్తే నాచు చస్తుంది, నిజమే. కానీ నీలి ఆకుపచ్చ నాచు విషం ఉన్న రకమైతే, కణాలు పగిలి ఆ విషమంతా ఒక్కసారిగా నీళ్లలో కలుస్తుంది. ఆ నీళ్లు మరిగించినా విషం పోదు. చచ్చిన నాచు కుళ్లుతూ ఆక్సిజన్ లాగేస్తుంది కాబట్టి చేపలూ చావొచ్చు. పైగా మైలుతుత్తంలోని రాగి అడుగున పేరుకుపోతుంది. ఇది వాలంటీర్లు సొంతంగా చేయాల్సిన పని కానే కాదు.

గుర్రపుడెక్క విషయంలో ఒక్క మాట: తీసి గట్టు మీదే వదిలేయకండి. కుళ్లి, వానకు మళ్లీ చెరువులోకే చేరుతుంది.

అపోహ: వాలంటీర్ల లెక్కలకు విలువ లేదు.

నన్ను బాగా బాధపెట్టే మాట ఇది. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో కొలవడానికి 1865లో ఇటలీ శాస్త్రవేత్త ఏంజెలో సెక్కీ వాడిన పళ్లెం లాంటిదాన్నే ఇప్పటికీ వాడుతున్నాం. 20 సెంటీమీటర్ల వెడల్పు, నలుపు తెలుపు రంగులు, పైన కొలతల తాడు. పడవ నీడ పడే వైపు నెమ్మదిగా దించుతాం. కనుమరుగైన చోట ఒక కొలత, పైకి లాగుతుంటే మళ్లీ కనబడిన చోట ఇంకో కొలత. రెండింటి సగటే మన లెక్క. చలువ కళ్లద్దాలు తీసేయాలి. ప్రతిసారీ అదే చోట, ఇంచుమించు అదే టైమ్‌కి కొలవాలి. ఈ పద్ధతి తప్పకపోతే ఆ అంకె శాస్త్రవేత్తలకూ పనికొస్తుంది.

నీళ్లు బాగున్న రోజుల్లో కూడా కొలవండి. చేపలు చచ్చి తేలిన రోజు అధికారులు మొదట అడిగేది "ఇంతకుముందు ఎలా ఉండేది?" అనే. అప్పుడు చూపించడానికి ఆ బాగున్న రోజుల లెక్కలే కావాలి.