ఇల్లంటే ఒక ఇంటర్నెట్ కనెక్షనా?

ప్రేమంటే పాస్‌వర్డ్ పంచుకోవడమే అని 2017 మార్చిలో ట్విటర్‌లో రాసింది నెట్‌ఫ్లిక్సే. ఆరేళ్లు తిరిగేసరికి, 2023 జులై 20న, ఖాతా ఒక ఇంటివాళ్లకే పరిమితమని మన దేశంలో ప్రకటించిందీ నెట్‌ఫ్లిక్సే.

2016 జనవరిలో ఆ సంస్థ భారత్‌కు వచ్చినప్పుడు కనీస చందా నెలకు 500 రూపాయలు. చాలా ఇళ్ల కేబుల్ బిల్లు కంటే ఎక్కువ. అందుకే నలుగురు కలిసి వేసుకుని చూడటం అలవాటైంది. కొత్త ఇళ్లలోకి అడుగుపెట్టడానికి ఆ అలవాటు సంస్థకూ పనికొచ్చింది, కాబట్టి అడ్డు చెప్పలేదు.

2022 తొలి మూడు నెలల్లో ప్రపంచవ్యాప్తంగా చందాదారులు నికరంగా 2 లక్షలు తగ్గారు. దశాబ్దం పైన అదే మొదటి తగ్గుదల. రష్యాలో సేవలు ఆపడం వల్లే 7 లక్షల మంది పోయారు; అది లేకుంటే లెక్క పెరిగేదే. అయినా వేలు పాస్‌వర్డ్ వైపే చూపింది: డబ్బు కట్టకుండా చూస్తున్న ఇళ్లు 10 కోట్లకు పైగా ఉన్నాయని వాటాదారులకు లెక్క చెప్పింది. ఇంటి బయటివాళ్లతో పంచుకోవడంపై కట్టడిని చిలీ, పెరూ, కోస్టారికాలలో ప్రయోగించి, 2023 మేలో అమెరికాలో అమలు చేసింది. అప్పట్లో అక్కడ నెలకు 7.99 డాలర్లు అదనంగా కడితే బయటి మనిషిని చేర్చుకునే వీలిచ్చింది. మన దగ్గర అమలు చేసినప్పుడు ఆ వీలు కూడా ఇవ్వలేదు. 2021 డిసెంబరులో బేసిక్ చందాను 499 నుంచి 199కి తగ్గించాం కదా అన్నది వారి వాదన.

ధర అడగడం తప్పు కాదు. తప్పల్లా ఇల్లు అనే మాటకు ఇచ్చిన అర్థంలో ఉంది. ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ మీద నడిచే పరికరాలనే ఇల్లుగా లెక్కిస్తారు. చందా కట్టే కూతురు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ, అమ్మానాన్నలు ఊళ్లో ఉంటే, ఆ లెక్కలో వాళ్లది వేరే ఇల్లు. ఊళ్లో టీవీ కోడ్ అడుగుతుంది, అది కూతురి ఫోనుకు వెళ్తుంది, 15 నిమిషాల్లో చెల్లకుండా పోతుంది. కూతురు మీటింగులో ఉంటే అమ్మ రిమోట్ పక్కన పెట్టేయాల్సిందే. చదువుకో, కొలువుకో పిల్లలు ఊరు దాటని తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయి?

మిగతా సంస్థలూ అదే బాట పట్టాయి. ప్రైమ్ వీడియో 2025 జనవరి నుంచి ఒక ఖాతాకు రెండే టీవీలంది. జూన్‌లో ప్రకటనలు మొదలుపెట్టి, అవి వద్దనుకుంటే ఏడాదికి 699 రూపాయలు అదనమంది. తెలుగు సినిమాలేమో ప్రైమ్, నెట్‌ఫ్లిక్స్, ఆహా, జియోహాట్‌స్టార్‌ల మధ్య చెల్లాచెదురుగా ఉన్నాయి.

2024 చివరికి నెట్‌ఫ్లిక్స్ చందాదారులు 30 కోట్లు దాటారు. ఆ మరుసటి ఏడాది నుంచి, మూడు నెలలకోసారి చెప్పే ఆ లెక్కను సంస్థ చెప్పడం మానేసింది.