బ్రేక్ బూస్టర్ ఇంట్లో మార్చుకునేవాళ్లకి: అపోహలు - వాస్తవాలు

"అన్నా, నాలుగు నట్లే కదా అని కొత్త బూస్టర్ నేనే బిగించుకున్నా, ఇప్పుడు బండి కొంచెం దూరం పోగానే ముందు చక్రాలు పట్టేస్తున్నాయి, డూప్లికేట్ మాల్ ఇచ్చారంటావా?" ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. గొంతులోనే భయం తెలిసిపోతుంది పాపం, బ్రేకుల సంగతి కదా. బూస్టర్ అంటే ఇంజిన్ గాలి లాగే బలాన్ని (వ్యాక్యూమ్) వాడుకుని పెడల్ మీద మీ కాలికి సాయం చేసే గుండ్రటి రేకు డబ్బా. నేను ఎక్కువగా చేసేది 1.8 లీటర్ ఇసుజు పెట్రోల్ ఇంజిన్ కాంటెస్సా కార్లు, కాబట్టి వాటిని దృష్టిలో పెట్టుకునే చెప్తా, మిగతా పాత పెట్రోల్ బండ్లకీ విషయం దాదాపు ఇంతే.

అపోహ: పాతది విప్పి కొత్తది బిగిస్తే అయిపోయింది, సెట్టింగ్ ఏమీ ఉండదు.

జనాన్ని నిలువునా ముంచుతున్నది ఇదే. బూస్టర్ ముందు వైపు నుంచి ఒక పుష్ రాడ్ బయటికొచ్చి మాస్టర్ సిలిండర్ (బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి తోసే పంపు) పిస్టన్‌ని తోస్తుంది కదా, కాలు తీసేసినప్పుడు ఆ రాడ్‌కీ పిస్టన్‌కీ మధ్య కాస్త ఖాళీ ఉండాలి. చాలా బండ్లకి 1 మిల్లీమీటర్ లోపే, మీ బండి మాన్యువల్‌లో ఎంత రాసుంటే అంత. కొత్త బూస్టర్ రాడ్ పాతదాని పొడవే ఉంటుందని గ్యారంటీ ఏం లేదు, రిపేర్ చేసి అమ్మేవాటిలో అయితే అసలు నమ్మొద్దు.

రాడ్ పొడవైతే ఏమవుద్ది? పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు. అది వెనక్కి వస్తేనే మాస్టర్ సిలిండర్‌లో ఉండే సూది బెజ్జమంత కాంపెన్సేటింగ్ పోర్ట్ తెరుచుకుంటుంది, వేడికి ఉబ్బిన బ్రేక్ ఆయిల్ అందులోంచే పైనున్న ఆయిల్ డబ్బాలోకి పోవాలి. ఆ దారి మూసుకుంటే ఆయిల్ ఎటూ పోలేక ప్యాడ్లని తోస్తుంది, ప్యాడ్లు రాసుకుని ఇంకా వేడెక్కుతాయి, ఆయిల్ ఇంకా ఉబ్బుతుంది. మీరు పెడల్ ముట్టుకోకుండానే బండి తనకి తానే బ్రేక్ వేసుకుంటుందన్నమాట. చల్లారితే వదిలేస్తుంది, మళ్లీ తోలితే మళ్లీ పట్టేస్తుంది. మరీ వేడెక్కితే ఆయిల్ మరిగి పెడల్ నేలకి పోతుంది, ప్రాణం మీదకొచ్చేది అక్కడే.

ఇలాగే బూస్టర్ మార్చుకున్న ఒకాయన కాంటెస్సాలో హైదరాబాద్ నుంచి విజయవాడ పోతుంటే సూర్యాపేట దగ్గర ముందు చక్రాల నుంచి కాలిన వాసన. తలో మాట చెప్పారు, ఈయన క్యాలిపర్ (చక్రం దగ్గర ప్యాడ్లని నొక్కే భాగం) కిట్లు వేయించాడు, ప్యాడ్లు మార్పించాడు, చివరికి హైదరాబాద్‌లో పుత్లీబౌలి స్పేర్ పార్టుల బజారంతా తిరిగి ఇంకో బూస్టర్ కూడా కొన్నాడు. తల ప్రాణం తోకకొచ్చి, చేతి చమురు వదిలాక మా షెడ్డుకి తెచ్చాడు. ఒక రౌండ్ తోలి వేడెక్కించి జాకీ ఎత్తితే చక్రం కదల్లేదు. మాస్టర్ సిలిండర్‌ని బూస్టర్‌కి పట్టి ఉంచే రెండు నట్లు పానాతో లూజ్ చేసి, రూపాయి బిళ్ల మందం సందు వచ్చేలా సిలిండర్‌ని ముందుకి లాగా, చక్రం ఒక్క చేత్తో గిర్రున తిరిగింది. ఆయన నన్ను చూశాడు, నేను రాడ్‌ని చూపించా. దాని మూతి దగ్గర అడ్జస్టింగ్ నట్టు ఉంది, తిప్పి సరిచేస్తే అయిపోయింది, పార్టు ఖర్చు సున్నా.

మీరూ ఇలాగే చూడండి. నట్లు లూజ్ చేస్తే చక్రం వదిలేసిందంటే రాడ్ పొడవే, లేదా పెడల్ దగ్గర బ్రేక్ లైట్ స్విచ్ అడ్డుపడి పెడల్ పూర్తిగా పైకి రావట్లేదు. అప్పుడూ వదలకుండా, చక్రం దగ్గర లైన్లో ఎయిర్ తీసే బ్లీడ్ నిపుల్ విప్పితేనే వదిలిందంటే రబ్బర్ హోస్ లోపల ఉబ్బిపోవడమో, పోర్ట్‌లో చెత్త ఇరుక్కోవడమో. దానికీ వదల్లేదా, క్యాలిపరే జామ్.

అసలు బిగించే ముందే చూసుకోవడం ఇంకా సులువు. మాస్టర్ సిలిండర్‌ని చేత్తో ఆనిస్తే బూస్టర్ ముఖానికి చక్కగా కూర్చోవాలి, స్ప్రింగ్ ఎదురు తోస్తున్నట్టుంటే ఆగండి, నట్లతో లాగి బిగించేయకండి. రాడ్ మూతికి పిల్లలు ఆడుకునే క్లే చిన్న ముద్ద పెట్టి ఒకసారి బిగించి విప్పితే, నలిగిన క్లే మందమే మీ ఖాళీ. ఖాళీ మరీ ఎక్కువైనా తప్పే, పెడల్ ఊరికే కిందకి పోతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తా.

పెడల్ మెత్తగా దిగిపోతే బూస్టర్ పోయింది అంటారు, కాదు. అది లైన్లో ఎయిర్, లేకపోతే మాస్టర్ సిలిండర్. బూస్టర్ పోతే పెడల్ గట్టిపడుతుంది. ఇంజిన్ ఆపి పెడల్ నాలుగైదు సార్లు తొక్కి, తొక్కి పట్టుకునే స్టార్ట్ చేయండి, కాలి కింద కొంచెం దిగాలి. దిగకపోతే కూడా ముందు ఇంజిన్ నుంచి బూస్టర్‌కి వచ్చే వ్యాక్యూమ్ హోస్, దాంట్లో గాలిని ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వ్ చూడండి, అవి వందల్లో పోతాయి, బూస్టర్ వేలల్లో.

బూస్టర్ తీయాలంటే పైపులన్నీ విప్పి ఎయిర్ తీయాల్సిందే అనేది కూడా అన్ని బండ్లకీ నిజం కాదు. పైపుల్లో పొడవు చాలితే సిలిండర్‌ని పైపులతోనే మెల్లగా ముందుకి జరిపి కట్టేయొచ్చు, పైపు మడత పడకుండా చూసుకోండి చాలు. కానీ అప్పుడు సిలిండర్ వెనక తడి కనపడితే వదలొద్దు, సీల్ పోయి ఆయిల్ బూస్టర్ లోపలికి కారుతోంది. బయట ఎక్కడా లీక్ లేకుండా ఆయిల్ తగ్గుతూ సైలెన్సర్‌లో తెల్ల పొగ వస్తుంటే అదే. సిలిండర్ బాగుచేయకుండా కొత్త బూస్టర్ వేస్తే దాని డయాఫ్రమ్ (లోపలి రబ్బర్ పొర) కూడా నాని పాడవుతుంది.

బూస్టర్ పోతే బ్రేకులే పడవంటారు, పడతాయి. 60ల నాటి అంబాసిడర్లకీ ఫియట్లకీ బూస్టర్ ఎక్కడుంది? కాకపోతే 8 అంగుళాల డయాఫ్రమ్ మీద మంచి వ్యాక్యూమ్ 200 కేజీల పైనే తోస్తుంది, ఆ సాయం లేకపోతే ఆ బరువంతా మీ కాలి మీదే, అలా రోడ్డెక్కొద్దు.

ఇక బ్రేక్ ఆయిల్ ఏదైనా ఒకటేలే అనేవాళ్లకి దండం. బండిలోని బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఏది రాసుంటే అది పోయండి, సిలికాన్ రకం డాట్ 5 వాటితో కలపొద్దు. ఇంజిన్ ఆయిల్ చుక్క పడిందా, సీళ్లు ఉబ్బుతాయి, మాస్టర్ సిలిండర్ నుంచి వెనక వీల్ సిలిండర్ల దాకా రబ్బర్లన్నీ మార్చుకోవాల్సిందే.