15,000 డాలర్ల కుర్రాడు

ఒరేయ్ చిన్నా, అమ్ములూ,

మొన్న వీడియో కాల్‌లో మీరడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పేలోపే మీ అమ్మ హోంవర్క్ అంటూ ఫోన్ లాగేసుకుంది. "అమెరికాలో బేస్‌బాల్ ఆడేవాళ్ళందరికీ కోట్లలో జీతాలుంటాయా తాతయ్యా?" అన్నారు కదా. ఉండవు. ఇక్కడ మీ బాబాయి కట్టే ఇంటద్దెకి కూడా చాలని జీతంతో ఏళ్ళ తరబడి ఆడినవాళ్ళే ఎక్కువ. టీవీలో కనబడేది పైనున్న ముప్పై జట్లే. వాటి కింద 120 జట్లున్నాయి, వాటినే మైనర్ లీగ్ అంటారు. ఆ సంగతి హొసే అల్టూవే అనే ఒక కుర్రాడి కథతో చెప్తాను.

మన రంజీలో అయితే ఆంధ్ర జట్టు ఆంధ్రదే, హైదరాబాద్ జట్టు హైదరాబాద్‌దే. ఇక్కడ అలా కాదు. కింది జట్టు ఏ ఊళ్ళో ఉన్నా అందులో ఆడే పిల్లలతో ఒప్పందం రాసుకునేది పైనున్న పెద్ద క్లబ్బే. నేనిప్పుడుంటున్న టెక్సస్‌లోని షుగర్‌ల్యాండ్‌లో, అదే, వీధికి నలుగురు తెలుగువాళ్ళు కనిపించే ఈ ఊళ్ళో, స్పేస్ కౌబాయ్స్ అని ఒక జట్టుంది. అది హ్యూస్టన్ ఆస్ట్రోస్ అనే పెద్ద క్లబ్బుకి కింది మెట్టు, ట్రిపుల్-ఎ అంటారు. దాని కింద డబుల్-ఎ, ఆ కింద హై-ఎ, సింగిల్-ఎ, అన్నిటికంటే అడుగున రూకీ లీగులు. ఏ పిల్లాడిని ఎప్పుడు పైకి జరపాలి, ఎప్పుడు కిందికి దించాలి, ఎప్పుడు "ఇక చాలు బాబూ, ఇంటికెళ్ళు" అనాలి, అన్నీ పెద్ద క్లబ్బు చేతిలోనే.

జీతం సంగతి చెప్తాను, అడిగింది అదేగా. 2022 దాకా సింగిల్-ఎలో ఏడాదికి ఇంచుమించు 11,000 డాలర్లు. అదీ ఆటలు జరిగే నెలల్లోనే, చలికాలంలో ఎవడి తిప్పలు వాడివి. పైమెట్టు ఎక్కిన కొత్తవాడికి 2023లో కనీస జీతం 7,20,000 డాలర్లు. మధ్యలో ఎంత గొయ్యి ఉందో చూడండి! మైనర్ లీగ్ పిల్లలకి కనీస వేతనం, ఓవర్‌టైమ్ చట్టాలు పెద్దగా వర్తించకుండా 2018లో ఇక్కడి పార్లమెంటు చట్టం కూడా చేసింది. కోట్లు గడించే క్లబ్బులకి ఆ చట్టం ఎందుకు కావాల్సి వచ్చిందో నాకైతే ఇప్పటికీ మింగుడు పడదు.

ఇప్పుడు అసలు కుర్రాడి దగ్గరికి వద్దాం. ఈ అల్టూవేది వెనిజులా దేశం. 2006లో మరకాయ్ అనే ఊళ్ళో ఆస్ట్రోస్ వాళ్ళు కుర్రాళ్ళని ఏరుకుంటుంటే ఇతనూ వెళ్ళాడు, అప్పటికి పదహారేళ్ళు. ఇప్పుడు క్లబ్బు లెక్కల్లోనే అతని ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, అప్పుడింకా పొట్టి. వీడు మరీ పొట్టిగా ఉన్నాడు, వయసు కూడా అబద్ధం చెప్తున్నట్టున్నాడు అని మొదటి రోజే పంపించేశారు. మర్నాడు బర్త్ సర్టిఫికెట్ పట్టుకుని మళ్ళీ వచ్చాడు. ఆస్ట్రోస్‌లోనే పనిచేసే ఆల్ పెడ్రీక్ అనే ఆయన ఆట చూసి, వీణ్ణి తీసుకోవాల్సిందేనని క్లబ్బువాళ్ళ దగ్గర పట్టుబట్టాడు. చివరికి 15,000 డాలర్లిచ్చి సంతకం పెట్టించుకున్నారు.

ఈ 15,000 అన్న అంకె గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత చాలా ఏళ్ళు అతని పక్కనే షార్ట్‌స్టాప్‌లో, అంటే సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య ఫీల్డింగ్ చోటులో ఆడిన కార్లోస్ కొరియాని అదే క్లబ్బు 2012లో దేశం మొత్తంలో మొదటి ఎంపికగా తీసుకుని 48 లక్షల డాలర్లిచ్చింది.  అంత డబ్బు పోసిన పిల్లాడు రెండేళ్ళు సరిగ్గా ఆడకపోయినా క్లబ్బు ఓపిక పడుతుంది, పెట్టుబడి కదా. పదిహేను వేల వాడు ఒక్క వేసవి తడబడితే చాలు, వాడి చోటుకి ఇంకొకడు సిద్ధంగా ఉంటాడు. ఈ తేడా బోర్డు మీద ఎవడూ రాయడు కానీ కింది మెట్లలో ఉన్న ప్రతి పిల్లాడికీ తెలుసు.

అతను పేరు తెచ్చుకున్న చోటు సెకండ్ బేస్. మైదానంలో చతురస్రంలా నాలుగు మూలల్లో ఉండే గుర్తులే బేస్‌లు, బంతి కొట్టినవాడు వాటిని తాకుతూ పరిగెత్తాలి. దీన్ని కాస్త దగ్గర్నుంచి చూడాలి. బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులు, కొట్టినవాడు ఆ దూరం నాలుగు సెకన్లు దాటాక ఓ చిటికెలో పరిగెత్తేస్తాడు. ఫస్ట్ బేస్‌లో ఒకడున్నాడనుకోండి, బంతి నేలమీద దూసుకుంటూ షార్ట్‌స్టాప్ దగ్గరికి వెళ్ళింది. అతను సెకండ్ బేస్ వైపు విసిరేసరికి మనవాడు పరిగెత్తుకుంటూ వచ్చి, బంతి పట్టి, కాలితో బేస్ తాకి, ఒళ్ళంతా తిప్పి ఫస్ట్ బేస్‌కి విసరాలి. ఈలోగా ఆ ఫస్ట్ బేస్‌వాడు జారుకుంటూ సరిగ్గా ఇతని కాళ్ళ మీదికే వస్తుంటాడు! ఇన్‌ఫీల్డర్ (బేస్‌ల దగ్గర ఫీల్డింగ్ చేసేవాడు) గ్లవ్ మిగతావాళ్ళ దానికంటే చిన్నదీ, లోతు తక్కువదీ ఎందుకంటే బంతి లోపల ఇరుక్కోకూడదు, చెయ్యి పెట్టగానే వేళ్ళకి తగలాలి. మ్యాచ్‌కి ముందు కోచ్ సన్నగా పొడుగ్గా ఉండే ఫంగో బ్యాట్ పట్టుకుని నేలబంతులు కొడుతూనే ఉంటాడు, వీళ్ళు వంగి పడుతూనే ఉంటారు, బంతి మీద కంటే పాదాల మీద ఎక్కువ అరుస్తాడు.

మన దేశం నుంచి 2008లో రింకూ సింగ్, దినేశ్ పటేల్ అని ఇద్దరు కుర్రాళ్ళని (మన క్రికెట్ రింకూ కాదు, ఈయన వేరే) టీవీ పోటీలో ఏరితే పిట్స్‌బర్గ్ క్లబ్బు తీసుకుంది. ఇద్దరూ బంతి విసిరేవాళ్ళే, పిచర్లు. జోరుగా విసిరే చెయ్యి ఉంటే ఇరవై ఏళ్ళప్పుడు కూడా నేర్పొచ్చేమో కానీ, ఈ వంగడం, తిరగడం చిన్నప్పట్నుంచీ ఒంటికి పట్టాలి. నా అభిప్రాయం ఇది, మీ బాబాయి ఒప్పుకోడు.

సరే, అల్టూవే మొదట వెనిజులాలోనే అడుగు లీగ్‌లో ఆడాడు. 2008లో టెన్నెసీలోని గ్రీన్‌విల్ అనే చిన్న ఊరికి పంపారు. తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రై-సిటీ, కెంటకీలో లెక్సింగ్టన్, కాలిఫోర్నియా ఎడారిలో లాంకాస్టర్. ఇంటికి వేల మైళ్ళ దూరం, రాత్రంతా బస్సులు. లాంకాస్టర్‌లో 2011 మొదటి సగంలో 52 ఆటల్లో అతని సగటు .408. వందసార్లు బ్యాట్ పడితే నలభైసార్లు హిట్ కొట్టినట్టు (బంతి కొట్టి క్షేమంగా బేస్ చేరితే హిట్), మామూలుగా ముప్పై కొడితేనే గొప్ప. అక్కణ్ణుంచి టెక్సస్‌లోని కార్పస్ క్రిస్టీ, డబుల్-ఎ. అక్కడా .361.

ఇక్కడ అదృష్టం గురించి కూడా చెప్పాలి. ఆ ఏడాది ఆస్ట్రోస్ 106 ఆటలు ఓడిపోయిన దిక్కుమాలిన జట్టు. జూలై 19న తమ సెకండ్ బేస్‌మన్ కెపింజర్‌ని శాన్‌ఫ్రాన్సిస్కోకి ఇచ్చేశారు. మర్నాడే అల్టూవే పెద్ద జట్టులో ఆడాడు, ట్రిపుల్-ఎ మెట్టు అసలు తొక్కకుండానే. జట్టు బాగా ఆడుతుంటే ఆ ఖాళీ అప్పుడు వచ్చేదా? చెప్పలేం. ఖాళీ వచ్చిన రోజుకి ఇతని అంకెలు ఎవరూ కాదనలేనట్టున్నాయి, అంతే. నెల తిరిగేసరికి శాన్‌ఫ్రాన్సిస్కో మీదే తన తొలి హోమ్ రన్ కొట్టాడు, అదీ బంతి మైదానం దాటకుండానే నాలుగు బేస్‌లూ పరిగెత్తి.

2014లో 225 హిట్లు, 2017లో లీగ్ ఉత్తమ ఆటగాడు, 2018లో అయిదేళ్ళకి 15 కోట్ల 10 లక్షల డాలర్ల ఒప్పందం. మీరనే కోట్లు ఇవే. అయితే 2017లో ఆస్ట్రోస్ కప్పు గెలిచిన ఏడాది, ఏ బంతి వేయాలో అవతలి జట్టు తమ పిచర్‌కి చేసే సైగల్ని కెమెరాలో చూసి, చెత్తడబ్బా మీద కొట్టి తమ బ్యాటర్లకి చెప్పేవారని 2020లో విచారణలో తేలింది. తన కోసం డబ్బా కొట్టొద్దని అల్టూవే అనేవాడని తోటివాళ్ళన్నారు. అయినా బయట ఊళ్ళలో జనం అతన్ని చూస్తే గోల చేస్తారు, చేయకుండా ఎలా ఉంటారు? ఇంటర్నెట్‌లో ఎలాగూ కనబడుతుందని నేనే చెప్తున్నా.

గ్రీన్‌విల్, ట్రై-సిటీ, లెక్సింగ్టన్, లాంకాస్టర్ అన్నాను కదా, ఈ నాలుగు ఊళ్ళకీ ఇప్పుడు పెద్ద క్లబ్బులతో సంబంధం లేదు. 2021లో కింది జట్లని 160 నుంచి 120కి కుదించినప్పుడు పోయాయి. వెనిజులా లీగ్ అంతకుముందే మూసేశారు. అలాంటి పదహారేళ్ళ పొట్టి పిల్లాడు ఇవాళ వస్తే ఎక్కడానికి మెట్లే తగ్గాయి. కాకపోతే ఉన్న మెట్ల మీద బతుకు కాస్త నయం. 2022 నుంచి ఉండటానికి ఇల్లు క్లబ్బులే చూపిస్తున్నాయి, అదే ఏడాది మైనర్ లీగ్ పిల్లలు యూనియన్‌లో చేరారు, 2023 ఒప్పందంతో సింగిల్-ఎ జీతం 26,200 డాలర్లకి, ట్రిపుల్-ఎ 35,800కి పెరిగింది.

సెలవులకి మీరొస్తే స్పేస్ కౌబాయ్స్ ఆటకి తీసుకెళ్తాను, టికెట్లు చవకే, ఎండే భరించలేం కాబట్టి సాయంత్రం ఆటకే పోదాం. మొదటి ఇన్నింగ్స్ మాత్రం బంతి వెంట పడకుండా సెకండ్ బేస్ దగ్గర నిలబడ్డవాడినే చూడాలి, ఆ తర్వాతే పాప్‌కార్న్. వీసా కాగితాల సంగతి మీ నాన్నని ఈ వారమే తేల్చమనండి.

మీ తాతయ్య