దగ్గుకు ఒక్క క్షణం ముందు

"కాన్పయ్యి రెండేళ్లు దాటింది. దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలు పడుతున్నాయి. పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీకి వెళ్లమని డాక్టరమ్మ రాసిచ్చారు. అక్కడ ఏం చేస్తారండీ?" అని ఒక పాఠకురాలు అడిగారు. చివర్లో "నా పేరు వేయొద్దు" అని కూడా రాశారు. మోకాలి నొప్పికి ఫిజియోథెరపీ చేయించుకునేవాళ్లెవరూ పేరు దాచుకోరు. రెండు చోట్లా పని కండరంతోనే.

తరగతి గదిలో వేలాడే అస్థిపంజరాన్ని గుర్తు తెచ్చుకోండి. కటి వలయం అడుగు తెరుచుకునే ఉంటుంది. మరి పొట్టలోని అవయవాలన్నీ దేని మీద నిలబడుతున్నాయని పిల్లలు అడగరు, పాఠం చెప్పేవాళ్లు దాని జోలికి పోరు. ఆ అడుగున, ముందు జఘనాస్థి నుంచి వెనక తోకెముక దాకా, కండరాలు పరుచుకుని ఉంటాయి. పెల్విక్ ఫ్లోర్ అంటే ఇవే. మూత్రమార్గం, యోని, మలద్వారం వాటి మధ్యనుంచే బయటికి వస్తాయి. నిర్మాణం గురించి ఈ మాత్రం తెలిస్తే చాలు. అసలు మజా దగ్గులో ఉంది.

దగ్గినప్పుడు పొట్టలో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి మూత్రాశయాన్ని నొక్కుతుంది. అయినా చాలామందికి చుక్క కూడా పడదు. ఎందుకని? అమెరికన్ గైనకాలజిస్టు జాన్ డిలాన్సీ 1994లో దీనికి ఒక వివరణ ఇచ్చారు. తోటకు నీళ్లు పట్టే రబ్బరు పైపును ఊహించుకోండి. సిమెంటు గచ్చు మీదున్న పైపును కాలితో తొక్కితే నీళ్లు ఆగిపోతాయి. అదే పైపు బురదలో ఉంటే, ఎంత తొక్కినా పైపు బురదలోకి దిగబడుతుందే తప్ప నలగదు, నీళ్లు పారుతూనే ఉంటాయి. ఇక్కడ పైపు మూత్రమార్గం, కాలు దగ్గు తెచ్చే ఒత్తిడి. గచ్చు అంటే మూత్రమార్గం కింద ఆనుకుని ఉండే యోని ముందు గోడ, దాన్ని పక్కలకు కట్టి ఉంచే పొర, ఆ పొరను బిగపట్టే లెవేటర్ ఏనై కండరం (పెల్విక్ ఫ్లోర్‌లో ముఖ్యమైనది ఇదే). ఇందులో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. కింద గచ్చు గట్టిగా ఉంటే, మూత్రాన్ని బయటికి తోసే ఒత్తిడే మూత్రమార్గాన్ని నొక్కి మూసేస్తుంది కూడా.

ఇదే పైపుతో ఇంకో మెట్టు ఎక్కుదాం. గచ్చు గట్టిపడాల్సింది కాలు పడకముందు. పడ్డాక ఎంత గట్టిపడినా ప్రయోజనం లేదు, నీళ్లు అప్పటికే పోయాయి. ఆరోగ్యంగా ఉన్న శరీరంలో ఈ కండరం దగ్గుకు కాస్త ముందే బిగుసుకుంటుంది. దగ్గబోతున్నామని మెదడుకు తెలుసు కాబట్టి ఆజ్ఞ ముందే పంపేస్తుంది. కాన్పులో ఇక్కడే దెబ్బ తగులుతుంది. 2004లో వేసిన ఒక కంప్యూటర్ నమూనా లెక్క ప్రకారం, బిడ్డ తల దిగేటప్పుడు ఈ కండరంలో మధ్యకు దగ్గరగా ఉన్న భాగం తన పొడవుకు మూడు రెట్లకు పైగా సాగుతుంది. మామూలు కండరం ఏదీ అంత సాగి నిలవదు. కండరంతోపాటు నరం కూడా సాగుతుంది, ఆజ్ఞ ఆలస్యమవుతుంది.

1998లో పరిశోధకురాలు జానిస్ మిల్లర్, డిలాన్సీ బృందం కొందరు స్త్రీలకు ఒకే ఒక్క కిటుకు నేర్పింది: దగ్గబోయే ముందు ఆ కండరాన్ని బిగించడం. వారం తిరిగేసరికి కారడం బాగా తగ్గింది. కండరం పెరిగి బలపడాలంటే వారాలు, నెలలు పట్టాలి. అంటే వారంలో మారింది బలం కాదు, బిగించే సమయం. "పిల్లల్ని కన్నాక ఇంతే, సర్దుకుపోవాలి" అని చెప్పే పెద్దలకు ఈ ఫలితం చూపించాలని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఇక మీరడిగిన సంగతికి వస్తాను. మొదటిసారి వెళ్లినప్పుడు చాలా సేపు మాటలే ఉంటాయి. ఎప్పుడు పడుతోంది, ఎంత పడుతోంది, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, మలబద్ధకం ఉందా, కలయికలో నొప్పి ఉందా అని అడుగుతారు. ఏం తాగారో, ఎన్ని మిల్లీలీటర్ల మూత్రం పోశారో మూడు రోజులపాటు రాసుకు రమ్మంటారు. తర్వాత శ్వాస చూస్తారు. ఊపిరి పీల్చినప్పుడు డయాఫ్రమ్‌తోపాటు (ఊపిరితిత్తుల కింద ఉండే కండరం) ఈ అడుగు కండరం కూడా కిందికి దిగుతుంది, వదిలినప్పుడు పైకి లేస్తుంది. ఊపిరి బిగబట్టే అలవాటున్నవాళ్లలో ఈ లయ చెదిరిపోతుంది.

లోపలి పరీక్ష మీరు ఒప్పుకుంటేనే చేస్తారు. మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకుంటారు, మీద దుప్పటి ఉంటుంది. గ్లవుజు వేసుకుని, జెల్ రాసిన ఒక వేలితో చూస్తారు. బిగించమంటారు, వదలమంటారు, దగ్గమంటారు. బలానికి ఆక్స్‌ఫర్డ్ కొలతలో 0 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు. ఎన్ని సెకన్లు నిలుపుతున్నారో, ఎన్నిసార్లు చేయగలుగుతున్నారో, చకచకా ఎన్నిసార్లు బిగించి వదలగలరో విడివిడిగా రాసుకుంటారు. ఈ కండరంలో నిదానంగా, అలసిపోకుండా పనిచేసే పోగులే ఎక్కువ, అవి రోజంతా బరువు మోస్తాయి. దగ్గును పట్టుకునేవి మాత్రం వేగంగా స్పందించే పోగులు. అందుకే రెండు రకాల కసరత్తులూ ఇస్తారు. వేలితో పరీక్ష వద్దంటే పొట్ట మీదనుంచి అల్ట్రాసౌండ్‌లో చూడొచ్చు.

"కీగెల్ వ్యాయామాలు ఫోనులో చూసి చేసేస్తాను, ఇదంతా ఎందుకు?" అనేవాళ్లున్నారు. ఈ బిగించి వదిలే కసరత్తుల గురించి అమెరికన్ గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కీగెల్ 1948లోనే రాశారు, కానీ ఆయన మాటతో సరిపెట్టలేదు. బిగింపు సరిగ్గా పడిందో లేదో చూపే పరికరం కూడా వాడారు. 1991లో అమెరికాలో 47 మంది స్త్రీలకు నోటితో మాత్రమే వివరించి చేయమంటే, సరిగ్గా చేసినవాళ్లు 23 మంది. 12 మందైతే కారడాన్ని ఇంకా పెంచే రీతిలో చేశారు. చాలామంది చేసే తప్పు, పైకి లాగాల్సింది పోయి కిందికి ముక్కడం. పిర్రలు, తొడలు బిగించి ఇదే అనుకోవడం మరొకటి. సరైన కదలిక ఎలా ఉంటుందంటే, అపానవాయువును ఆపుకుంటున్నట్టు మలద్వారం దగ్గర మొదలుపెట్టి, ముందుకి, పైకి, లోపలికి లాక్కోవాలి. ఊపిరి ఆడుతూనే ఉండాలి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని రోజువారీ కసరత్తుగా చేయకండి.

బ్రిటన్‌లో వైద్యానికి మార్గదర్శకాలు ఇచ్చే నైస్ (NICE) సంస్థ ప్రకారం ఒక్కో విడతకు కనీసం 8 బిగింపులు, రోజుకు 3 విడతలు, కనీసం 3 నెలలు చేయాలి. రెండు బిగింపుల మధ్య పూర్తిగా వదలడం కూడా కసరత్తులో భాగమే.

కొందరికి సమస్య తిరగబడి ఉంటుంది. కండరం ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. కలయికలో నొప్పి, మూత్రం సరిగ్గా రాకపోవడం, మలం దిగకపోవడం వీళ్ల బాధలు. వీళ్లు కీగెల్ చేస్తే బాధ ముదరొచ్చు. వీళ్లకు పొట్ట నిండా నెమ్మదిగా ఊపిరి పీల్చడం, లోపల పట్టేసిన చోట వేలితో మెల్లగా నొక్కి వదిలించడం, మలవిసర్జనకు కూర్చున్నప్పుడు కాళ్ల కింద పీట వేసుకోవడం నేర్పుతారు. ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత మూత్రం కారే మగవాళ్లు కూడా ఇదే గదికి వస్తారు. వాళ్లకు "అంగాన్ని లోపలికి లాక్కున్నట్టు" అని చెబితే చటుక్కున దొరుకుతుంది.

నెలసరి రోజుల్లో అపాయింట్‌మెంటు పడితే వాయిదా వేయక్కర్లేదు. లోపలి పరీక్ష ఆ రోజు వద్దంటే మిగతావన్నీ చేస్తారు. మూత్రంలో రక్తం కనిపిస్తే మాత్రం ముందు డాక్టరుకు చూపించుకోండి. కూర్చునే భాగంలో ఉన్నట్టుండి స్పర్శ పోయినా, కాళ్లు బలం తప్పినా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.